కిందికే మొగ్గిన కాటా

ఆ రోజుల్లో ప్రొద్దుటూరు షెడ్డు నుంచి మేము ఊరూరా బిగించిన కాటాల గురించి చాలామందికి గొప్పగా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మింగేశాను. పులివెందుల చీనీకాయల (బత్తాయి) మార్కెట్లో కాటా తక్కువ చూపింది నా వల్ల. మాట పడింది మాత్రం జమ్మలమడుగు రాళ్ల మామ.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ట్రాక్టర్లను, లారీలను తూచే కాటాలకు కంప్యూటర్లు బిగించే షెడ్డులో పని. బరువు లెక్కగట్టే ప్రోగ్రాం అసెంబ్లీ భాషలో, అంటే ప్రాసెసర్‌కు ఒక్కొక్క ఆజ్ఞా విడివిడిగా ఇచ్చే పద్ధతిలో, నేనే రాశాను. (షెడ్డులో ఇంకెవరికీ అది రాదు కాబట్టి నేనే మేధావిని.) సెన్సరు 3,997.6 అంటుంది, చీటీ మీద పది కిలోల లెక్కన దగ్గరి అంకె, 4,000, రావాలి. ప్రాసెసర్‌లో ఇందుకు మీట లాంటిది ఒకటుంది: దశాంశాలను దగ్గరికి సరిచెయ్యమనొచ్చు, పైకి నెట్టమనొచ్చు, కిందికి దించమనొచ్చు. చీటీ మీద టన్నులు వేరుగా, కిలోలు వేరుగా అచ్చవ్వాలంటే మీటను కాసేపు కిందికి తిప్పాలి. పనవగానే మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. ఆ పెట్టే రెండు లైన్లూ నేను తీసేశాను. వేగం కోసం! ఒక లారీ కాటా ఎక్కి దిగడానికి ఐదు నిమిషాలు పట్టే చోట, నేను సెకనులో పదిలక్షవ వంతు మిగిల్చి, ఆ సాయంత్రం అందరికీ టీ ఇప్పించాను. ఫలితం ఏమిటంటే, మిషన్ ఆన్ చేశాక మొదటి తూకం నిక్కచ్చిగా వచ్చేది. మొదటి చీటీ అచ్చయ్యాక మీట కిందే ఉండిపోయేది. ఆపైన వచ్చిన ప్రతి బండికీ 3,997 కాస్తా 4,000 బదులు 3,990.

రాళ్ల మామ పని మా షెడ్డు బిగించిన కాటాలను పరీక్షించడం. ఇరవై కిలోల ఇనుప రాళ్లు ఆటోలో వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ప్రతి పరీక్షకూ ముందు మిషన్ ఆపేసి, 'బిస్మిల్లా' అనుకుని మళ్లీ ఆన్ చేసేవాడు. "పాత తూకం మనసులో పెట్టుకోని కొత్తది తూయగూడదప్పా, మనిషైనా మిషనైనా" అనేవాడు. అంత నిష్ఠగా చేసే ఆ పనే నా తప్పును దాచిపెట్టింది.

ఒకరోజు పులివెందుల మార్కెట్లో మామా నేనూ ఉండగా, చీనీ రైతొకాయన రెండు కాటాల చీటీలు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. "కాటాకూ కాటాకూ తేడా ఉంటాది, నాకు తెలుసు. ఒకసారి పది తక్కువొస్తే ఇంగోసారి పది ఎక్కువ రావల్ల గదప్పా? ఇదేంది, ఎప్పుడు జూసినా తక్కువే! దీనికి పైకెక్కేది రాదా?" (ఏ ప్రోగ్రామూ చదవకుండానే ఆయన నా తప్పు మీద వేలు పెట్టాడు.) మామ మిషన్ ఆపాడు, ఆన్ చేశాడు, రాళ్లు పెట్టాడు. సరిగ్గా వచ్చింది. మళ్లీ ఆపాడు, మళ్లీ పెట్టాడు. సరిగ్గానే వచ్చింది.

"అదే గదా నేను చెప్పేది! నువ్వుంటే సరిగా తూస్తాది, నువ్వు పోతే తక్కువ తూస్తాది. యాపారస్తులు నీకెన్ని బస్తాల కాయలిస్తాండారు మామా?" అన్నాడు రైతు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మామ నవ్వలేదు. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పప్పా, మిషన్లో ఏమన్నా ఉందా?" అన్నాడు.

రైతు మాటతోనే నాకు మీట సంగతి తట్టింది. అయినా, "ఏం లేదు మామా" అన్నాను.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆ రెండు లైన్లూ రాసి పెట్టాను. కాటా బాగుపడింది. అదే మామ కొంప ముంచింది. "చూడు, పట్టుబడినాక ఎట్ల సరైపాయనో!" అన్నారు మార్కెట్లో. మామ తన రాళ్లు షెడ్డులో దించేసి, జమ్మలమడుగులో సైకిళ్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు.

ఇన్నేళ్లకు, మొన్న నా కింద పనిచేసే అమ్మాయి, ఎవరూ అడగకముందే, తన తప్పును నలుగురిలో తానే చెప్పేసింది. నెరిసిన తలతో నేను ఆమెను మెచ్చుకున్నాను. ఆ ఆదివారం జమ్మలమడుగు బస్సెక్కాను.

మామ చక్రం వంపు తీస్తూ అంతా విన్నాడు. "రెండు లైన్లేనా?"

"రెండే మామా."

"అవి ఉండుంటే ఎంతసేపు ఆలిస్యమయ్యుండు?"

"రెప్ప కొట్టేంత కూడా కాదు."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత చక్రం పక్కన పెట్టి, "నాతో చెప్తే ఏం లాభమప్పా? నేను తినలేదని నాకు తెల్దా? ఆ పొద్దు ఇంటికొస్తే మీ అత్త 'నిజంగా ఏం తీసుకోలేదా?' అనింది. ఒక్కసారే అడిగింది. మళ్ల ఎప్పుడూ అడగలా. పో, ఆమెకు చెప్పు" అన్నాడు.

వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. ప్రాసెసరు, మీట, దశాంశాలు అంటూ బస్సులో పేర్చుకున్న వివరణలో ఒక్క ముక్కా పనికిరాలేదు. నా కింది పిల్లలకు పని నేర్పి పేరు తెచ్చుకున్న పెద్దమనిషిని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాను.

"అత్తా, మామ ఏం తినలా. తప్పు నాది. తెలిసి కూడా ఆ పొద్దు నోరు మూసుకున్నా. నన్ను మన్నించండి" అన్నాను.