తిప్పి పంపిన ఉత్తరం

ఆరేళ్ల నుంచి ఒక ఉత్తరం నా గుండెల మీద కూర్చుని ఉంది. దాన్ని నేను చదవలేదు, చేత్తో పట్టుకోనైనా లేదు. ఎవరికీ చెప్పకుండా ఇన్నాళ్లు నెట్టుకొచ్చాను. మీరు నన్నెరగరు కాబట్టి మీ దగ్గర దాచను.

మాది పిడుగురాళ్ల పక్క పల్లె. నా చెల్లెలు భర్తతో గొడవపడి పుట్టింటికొచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. మా వైపు పద్ధతి ప్రకారం అతనే నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చి ఆమెను తీసుకెళ్లాలి. రాలేదు. ఒక మధ్యాహ్నం ఆమె పేరున రిజిస్టరు పోస్టు వచ్చింది. ఆమె బడిలో పాఠం చెబుతోంది. పంపినవారి చోట బావ పేరుంది. లాయరు నోటీసే అనుకున్నాను. నోటీసు తీసుకోకపోతే కేసు నిలవదని మా ఊళ్లో అందరి నమ్మకం, నాదీ అదే. ఆమె వద్దందని రాసి వెనక్కి పంపెయ్యమని పోస్టుమాన్ బాబాయికి చెప్పాను. ఆయన నా మాట కాదనలేదు.

సాయంత్రం చెల్లెలు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగింది.

"పోస్టాయన వచ్చాడంటగా, ఏందన్నా?"

"ఏం లేదమ్మా. బ్యాంకోళ్ల కాగితం."

ఇక్కడిదాకా నా తెలివితక్కువతనం అనుకోవచ్చు. అసలు తప్పు తర్వాతది. రెండు నెలలకు పెదకూరపాడులో ఒక పెళ్లిలో బావ చిన్నాన్న నన్ను నిలదీశాడు. తప్పయింది, కాపురానికి రమ్మని మావాడు ఉత్తరం రాస్తే మీ అమ్మాయి మొహాన కొట్టినట్టు తిప్పి పంపడమేమిటని అడిగాడు. ఆమెకు తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నలుగురిలో తల దించుకోవాల్సొస్తుందని నోరు కుట్టేసుకున్నాను. ఇంటికొచ్చి చెల్లెలికీ చెప్పలేదు. వాకిట్లో బండి ఆగిన చప్పుడైతే ఆమె తలెత్తి చూసే రోజులవి. నేను పక్కనే ఉండి అదంతా ఎలా చూడగలిగాను?

తర్వాత ఆమె చూడటం మానేసింది. ఈ ఏడు విడాకులు తీసుకోవాలని తనే గట్టిగా నిశ్చయించుకుంది. పెళ్లి శుభలేఖ, ఫోటోలు, ఆధార్ జిరాక్సులు అన్నీ ఫైల్లో సర్దుకుంది. పోయిన వారం గురజాలలో లాయరమ్మ పిటిషను చదివి వినిపించింది. అందులో ఒక వాక్యం ఉంది: భర్త ఇన్నేళ్లలో ఒక్కసారైనా కాపురానికి పిలవలేదు. ఇదంతా నిజమేనని ప్రమాణం చేసి సంతకం పెట్టాలంది. చెల్లెలు పెన్ను తీసుకుంది.

ఆగమన్నాను. బయట జిరాక్సు షాపు పక్కకు తీసుకెళ్లి మొత్తం చెప్పేశాను. ఎందుకు చెప్పాను? ఆ కవరు బావ దగ్గర ఉండే ఉంటుందని, రేపు కోర్టులో బయటపడితే చెల్లెలు అబద్ధాలకోరు అవుతుందని భయపడ్డానా, లేక నిజంగానే ఇక మోయలేకపోయానా అని అప్పటినుంచీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రెండూ ఉన్నాయి. భయమే ఎక్కువేమో.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"ఉత్తరం చూసుంటే వెళ్లేదాన్నో లేదో నాకే తెలవదన్నా. అది తేల్చుకోవాల్సింది నేను గదా," అంది.

లోపలికెళ్లి ఆ వాక్యం కొట్టేయించింది. ఉత్తరం సంగతి ఉన్నదున్నట్టు రాయించింది. కేసు వెయ్యడం మాత్రం ఆపనంది. అతను పిలిచిన రోజున తనకు తెలియలేదు, ఇప్పుడు తెలిసినా ఆ కాపురం తనకు వద్దని లాయరమ్మకు స్పష్టంగా చెప్పింది. అయితే మీ అన్నయ్య కూడా అఫిడవిట్ ఇవ్వాలని లాయరమ్మ నా వైపు చూసింది. ఇస్తానన్నాను. టైపు చేసి తెచ్చాక ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను.

తిరిగొచ్చేటప్పుడు చెల్లెలు నా బండెక్కలేదు. ఫైలు చంకలో పెట్టుకుని బస్సెక్కింది. వారమైంది, నాతో మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు. అయినా ఈ వారం అన్నం సహిస్తోంది.

మీకు నా పేరు చెప్పలేదు. సంతకం పెట్టిన ఆ కాగితంలో మాత్రం ఇంటిపేరుతో సహా రాశాను.