గ్యాస్ అయిపోదమ్మా

మా సార్ పోయారు. తెల్లవారుజామున ఛాతీ పట్టేసినట్టుందని లేచి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నడుం వాల్చిన మనిషి ఇక లేవలేదు. ఫోన్ చేసింది అమ్మ, అంటే సార్ భార్య. ఆయన దగ్గర పని నేర్చుకున్న మా అందరికీ ఆమె అమ్మే. "సార్ పోయిండమ్మా, జెర వస్తవా" అంది. టూల్స్ బ్యాగు స్కూటరుకు తగిలించే ఉంది. దాన్ని తీసి ఇంట్లో పెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా ఏ.ఎస్. రావు నగర్ నుంచి లాలాగూడ వెళ్ళిపోయాను.

ఆయన ఎవరో మీకు తెలియకపోవచ్చు. సికింద్రాబాద్ వైపు ఉండేవాళ్ళయితే మాత్రం, మీ ఇంట్లో ఏసీ చల్లగా వస్తోందన్నా, మీ వీధి మందుల షాపులో ఇన్సులిన్ పాడవకుండా ఉందన్నా, ఆయన దగ్గర నేర్చుకున్న చెయ్యి ఏదో దాని మీద పడే ఉంటుంది. రైళ్ళ ఏసీ బోగీలు బాగుచేసి రిటైరయ్యారు సార్. ఆ తర్వాత ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి మాలాంటివాళ్ళకు ఆ పని నేర్పడం మొదలుపెట్టారు. ఇళ్ళ ఏసీలు, పాలబూతు కూలర్లు, ఐస్‌క్రీం బండ్లు, ఏదీ వదల్లేదు. ఆయన చాలా వినయవంతుడని అబద్ధం చెప్పలేను. మీసానికి రంగేసుకుని, ఇస్త్రీ చొక్కా మీద చిన్న మరక కూడా పడకుండా పని చేసి చూపించి, "సికింద్రాబాద్‌ల గిట్ల చేసెటోడు ఇంకొకడున్నడా?" అని అడిగేవారు. లేడు సార్ అనేదాకా మమ్మల్ని టీకి వదిలేవారు కాదు.

నేను వెళ్ళేసరికి సార్‌ను ఫ్రీజర్ బాక్సులో పడుకోబెట్టారు. ఒక్కగానొక్క కూతురికి విశాఖలో ఉద్యోగం. కబురు వినగానే పగటి రైలెక్కిందట, సాయంత్రానికి గానీ చేరదు. అమ్మ కోరిక ఒక్కటే. బిడ్డ వచ్చేసరికి తండ్రి మొహం ఉన్నది ఉన్నట్టుండాలి. బయట చూస్తే మే నెల ఎండ. పది దాటాక అద్దం మీద చెయ్యి వేసిన అమ్మ, చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడిపోయింది. అద్దం వెచ్చగా ఉంది. బాక్సు అద్దెకిచ్చినతన్ని పిలిపించాం. అతను వంగి, మిషను చప్పుడు కాసేపు విని, నోటికి అలవాటైన మాట అనేశాడు. "గ్యాస్ అయిపోయినట్టుంది. కొట్టిస్త, అరగంటల సెట్ అయితది."

గదిలో ఉన్న సార్ శిష్యులమంతా ఒక్కసారి తలెత్తాం, ఏడుస్తున్నవాళ్ళతో సహా. ఆ షెడ్డులో అనకూడని మాట ఏదైనా ఉందంటే అదొక్కటే. పాపం, అతను దాన్ని సార్ తలాపున నిలబడి మరీ అన్నాడు.

నిజానికి అది మనందరం చేసే పొరపాటే. వంటింటి సిలిండర్‌లో గ్యాస్ అయిపోతుంది కాబట్టి ఏసీలోనూ, ఫ్రిజ్‌లోనూ అయిపోతుందనుకుంటాం. రెండింటినీ గ్యాస్ అనే పిలుచుకుంటున్నాం మరి. మొదటిరోజు క్లాసులో నేనూ అదే అన్నాను. సార్ చేతిలో పానా పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "పొయ్యిల గ్యాస్ మండుతది, అయిపోతది. గిది అయిపోదమ్మా. పైపులల్ల తిరుగుతనే ఉంటది. తక్కువైందంటే యాడనో కారుతున్నట్టు. అయిపోయింది అనకు, యాడ కారుతున్నదో చెప్పు." కారే చోటు చూడకుండా పైనుంచి నింపేస్తే, అదీ కారిపోతుంది. పోయిన గ్యాసంతా గాలిలో చేరి భూమిని ఇంకాస్త వేడెక్కిస్తుంది. ఎండలు ముదిరాయని జనం ఇంకో ఏసీ కొంటారు. ఇల్లు చల్లగ చేస్తున్నమని ఊరికి మంట పెడుతున్నం అని నవ్వేవారు సార్.

ఇదంతా తెలిసినవాళ్ళం కాబట్టి, ముందు కారే చోటు వెతుకుతాం, పైనుంచి కొట్టొద్దు అన్నాం. సార్ తమ్ముడికి ఒళ్ళు మండింది. మీ పాఠాలు షెడ్డులో చూసుకోండి, ఈ ఒక్క పూట నడిస్తే చాలు, అతన్ని పని చేసుకోనివ్వండి అని గట్టిగానే అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ఎక్కువగా కారకపోతే పైనుంచి నింపినా సాయంత్రందాకా లాగుతుంది. మా పద్ధతిలో అయితే మిగిలిన గ్యాసును గాలిలోకి వదలకుండా వేరే సిలిండర్‌లోకి తియ్యాలి, కారే చోటు బాగుచెయ్యాలి, మళ్ళీ ఎక్కించాలి. అంతసేపూ బాక్సు ఆగిపోతుంది. ఆ ఎండలో, ఆ మనిషిని లోపల పెట్టుకుని. ఏదన్నా తేడా వస్తే దారిలో ఉన్న ఆ పిల్లకు ఏ మొహం పెట్టుకుని కనిపిస్తాం? నాకు గుండెల్లో దడ పట్టుకుంది.

ఇలాంటి దడ నాకు కొత్త కాదు. షాపు పెట్టిన మొదటి ఎండాకాలం, చుట్టుపక్కల మెకానిక్‌లు ఇంటావిడ ఇచ్చిన టీ చల్లారేలోపు గ్యాస్ కొట్టేసి పోతుంటే, నేను ఒక్కో ఇంట్లో పూటంతా కూర్చునేదాన్ని. అమ్మాయికి పని రాదు, అందుకే ఇంతసేపు అన్నారు. ఒకావిడ అయితే మీవాళ్ళలో మగవాళ్ళెవరూ లేరా అని అడిగింది. షట్టరు దించేస్తానని ఏడుస్తూ షెడ్డుకు వచ్చాను. సార్ ఓదారిస్తే ఒట్టు. "మల్ల ఎండకాలం దాక ఆగు. వాళ్ళకు మల్ల ఫోన్ జేస్తరు, నీకు చెయ్యరు. ఫోన్ రాలేదని సంబురపడెటోడే మెకానిక్" అన్నారు. కోపం వచ్చింది, ఫోన్ రాకపోతే తినేదేంటి అని. కానీ ఆగాను. మరుసటి ఎండాకాలానికి, నేను బాగుచేసిన ఇళ్ళవాళ్ళు నా సంగతే మర్చిపోయారు. మర్చిపోయి, పక్కింటివాళ్ళ ఏసీ మొరాయించినప్పుడు గుర్తుచేసుకున్నారు. తిరుమలగిరిలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు బిల్డింగు మొత్తం నాకే అప్పజెప్పారు. ఆ మాట చెప్పడానికి వెళ్తే సార్ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, అమ్మను పిలిచి, నా చేత రెండోసారి చెప్పించుకున్నారు.

సరే, ఆ గదిలో అందరం అమ్మ వైపు చూశాం. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని మరిదితో నెమ్మదిగానే అంది. "ఆయన బతికినన్ని దినాలు పైపైన కొట్టనియ్యలే. పోయిననాడు నేను కొట్టిస్తనా? వీళ్ళను చెయ్యనియ్యి. నా బిడ్డకు నేను చెప్పుకుంట."

ఇక చూడాలి మమ్మల్ని. ఐస్ ఫ్యాక్టరీలో మిషన్లు చూసే మావాడొకడు ఆటోలో ఐసుగడ్డలు తెప్పించి, సార్‌కు రెండు పక్కలా పేర్చాడు. షెడ్డులోంచి పంపూ సిలిండరూ వచ్చాయి. తర్వాత ఎవరి బ్యాగులోంచి వాళ్ళు గడ్డం గీసుకునే బ్రష్షు బయటికి తీశారు, ఆడపిల్లలతో సహా. బాక్సతను నోరు తెరిచాడు. గ్యాస్ కారే చోట సబ్బు నురగ రాస్తే బుడగ లేస్తుంది. దానికి స్పాంజి వాడతారు చాలామంది. సార్ మాత్రం తన గడ్డం బ్రష్షే వాడేవారు, అంత మెత్తటి నురగ ఇంక దేనికీ రాదని. మాకూ అదే అలవాటైంది. నేర్చుకునే రోజుల్లో నా బ్యాగులో ఆ బ్రష్షు చూసి మా ఇంట్లో మా అమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఎవడిదే ఇది అంటే, ఏసీదమ్మా అన్నాను. గుడివాడలో మన చుట్టాలకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా అని నెత్తి కొట్టుకుంది.

జాయింట్లన్నిటి మీదా నురగ రాశాం. ఏమీ లేదు. చివరికి గ్యాస్ ఎక్కించే పిన్ను మీద రాయగానే బుడగ లేచింది, పగిలింది, ఇంకోటి లేచింది. ప్రతి సీజన్లోనూ అక్కడినుంచే నింపీ నింపీ ఆ పిన్నే అరిగిపోయింది. బాక్సతను మోకాళ్ళ మీద కూర్చుని ఆ బుడగలకేసే చూస్తూ, ఇన్నాళ్ళూ కొట్టించుకుంటూనే ఉన్నాను, ఒక్కడూ ఈ మాట చెప్పలేదు అన్నాడు. మిగిలిన గ్యాసును సిలిండర్‌లోకి తీశాం. పిన్ను మార్చాం. పైపుల్లో గాలీ చెమ్మా లాగేసే పంపు పెట్టాం.

ఆ పంపు తిరుగుతున్నంతసేపూ చెయ్యడానికి పనుండదు. సార్ ఉంటే అదే ఆయన కబుర్ల టైము. ఆయన లేకపోయినా కబుర్లు ఆగలేదు. ఒకసారి ఏదో సభకు పిలిచి, ఆకుబొమ్మ ఉన్న టీషర్టు ఇచ్చి, మీరు నేర్పేవన్నీ గ్రీన్ జాబ్స్ అని పొగిడారట సార్‌ను. ఆ టీషర్టు వేసుకుని వీధి వీధంతా తిరిగి వచ్చారు. మరునాడు మాతో మాత్రం, నిన్నటిదాకా మెకానిక్ అన్నరు, ఇప్పుడు గ్రీన్ అంటున్నరు, అననీయండి, మీ పెండ్లి సంబంధాలకు పనికొస్తది అన్నారు. అందరం పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక ఆయన అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "టైలర్ గానీ, వంటోడు గానీ, డ్రైవర్ గానీ, తన పనిల ఏం పారబోస్తున్నడో తనకు ఎరుకుండాలె. గంతే. ఎరుకున్నోని పని పచ్చగుంటది." ఆ మాట గుర్తు చేసుకుని కొందరు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. పంపు తన పని తాను చేసుకుపోయింది.

తూకం వేసి గ్యాస్ ఎక్కించి మిషను ఆన్ చేసేసరికి మధ్యాహ్నం దాటింది. కాసేపటికి లోపలి పైపు మీద తెల్లగా మంచు పట్టడం మొదలైంది. సార్ తమ్ముడు అందరికీ టీలు తెప్పించి, నా గ్లాసు తనే అందించి, అన్న మంచిగనే నేర్పిండు అని మాత్రం అన్నాడు. మరీ పొంగిపోలేదు గానీ, ఆ ఒక్క మాటకు ఆ రోజు పడ్డ దడంతా దిగిపోయింది.

సాయంత్రం ఎండ వాలాక కూతురు వచ్చింది. వాకిట్లో చెప్పుల మధ్య తడబడుతూ, బ్యాగు ఎవరి చేతికిచ్చిందో కూడా చూసుకోకుండా లోపలికి వచ్చింది. మేం గోడలకు అంటుకుని దారిచ్చాం. బాక్సు అద్దమంతా చెమ్మ పట్టి మసకగా ఉంది, లోపల ఏమీ కనిపించడం లేదు. ఆమె చున్నీ అంచుతో తుడిచింది. పొద్దున నేను వచ్చినప్పుడు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు సార్, భోజనం చేసి కునుకు తీస్తున్నట్టు.

"నాయిన మంచిగనే ఉన్నడమ్మా" అంది తల్లితో, చిన్నపిల్లలా. అప్పుడు ఏడ్చింది. నా చేతులతో ఎన్నో మిషన్లు బాగుచేశాను. ఏ పనినీ చూసి అంత గర్వపడలేదు, అంత ఏడవనూ లేదు.

అద్దం మళ్ళీ మసకబారింది. ఆమె మళ్ళీ తుడిచింది. తుడిచినకొద్దీ చెమ్మ పడుతూనే ఉంది, ఆమె చూస్తూనే ఉంది.