ఆరని చెప్పులు

దయ్యాలూ గియ్యాలూ అని ఎవరైనా మొదలుపెడితే, సాక్షిని అడిగినట్టే అడుగుతాను: నువ్వు కళ్ళారా చూశావా, ఎవరో చెబితే విన్నావా? ఇంతవరకూ చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. నేను భీమవరంలో క్రిమినల్ లాయర్ని. విన్న మాట సాక్ష్యం కాదని రోజూ వాదించేవాణ్ణి. అందుకే ఇక్కడ నేను చూసినదే రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా నిజం దాచకూడదంటారు. వైద్యుల సంగతేమో గానీ, "నువ్వే చేశావా" అని నా క్లయింటుని నేనెప్పుడూ అడగను. తెలిస్తే ఆ బరువు నేనూ మోయాలి. పోలీసుల దగ్గర ఏముందో చూస్తాను, అందులో చిల్లులు వెతుకుతాను. నా పని అంతవరకే.

సత్తిబాబు, శీను కలిసి రొయ్యల చెరువు కౌలుకి చేసేవాళ్ళు. ఒక ఉదయం శీను ఆ చెరువులోనే శవమై తేలాడు. కాలు జారి పడ్డాడని సత్తిబాబు అన్నాడు. పోలీసులు నమ్మలేదు. శీను తోలు చెప్పులు గట్టున లేవు, నీళ్ళలోనూ లేవు. సత్తిబాబు స్టేషన్లో ఉండగా అతని మోటారు షెడ్డు వెతికితే, మేత బస్తాల వెనక దొరికాయి. జారి పడ్డ మనిషి చెప్పులు అక్కడికెలా వెళ్ళాయి? కేసంతా ఆ చెప్పుల మీదే నిలబడింది. రుజువైతే యావజ్జీవ శిక్ష.

జైల్లో మొదటిసారి కలిసినప్పుడు సత్తిబాబు బెయిలు గురించి అడగలేదు. పెళ్ళాం బిడ్డల గురించీ అడగలేదు.

"ఆ చెప్పులు ఆరాయాండీ?" అన్నాడు.

పంచనామా తీసి చూశాను. దొరికినప్పుడు పొడిగా ఉన్నాయని అందులో రాసి ఉంది. ఆ మాటే చెప్పాను. నమ్మనట్టు నా మొహంలోకి చూశాడు. ఎందుకడిగావని నేను అడగలేదు.

కేసు విచారణకి రావడానికి చాలా కాలం పట్టింది. శీను తల్లి సత్యవతమ్మ సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. కొడుకు చెప్పులు ఆవిడ గుర్తుపట్టాలి. ఎండలు ముదురుతున్న రోజులు, కోర్టు హాల్లో ఫ్యాన్లు వేడిగాలి విసురుతున్నాయి. సీలు చెదరలేదని జడ్జిగారికీ నాకూ చూపించి కోర్టు గుమాస్తా గుడ్డ మూట విప్పాడు. గుడ్డ పొడిగా ఉంది. లోపల సంతకాల చీటీ కూడా పొడిగానే ఉంది. చెప్పుల నుంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. బల్ల మీద మడుగు కట్టింది. చెరువు అడుగు బురద వాసన నా దాకా వచ్చింది.

సత్యవతమ్మ ఆ చెప్పులు చేతిలోకి తీసుకుని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"మావాడియ్యేనండి. ఇలా తడిసిపోయి ఉన్నాయేంటండీ?"

బోనులో సత్తిబాబు తల దించుకుని ఉన్నాడు.

తర్వాతి వాయిదాకి పోలీసు అధికారి సాక్ష్యం. సత్తిబాబుకి జ్వరం వస్తే, రాలేడని పిటిషన్ వేశాను. మూట మళ్ళీ విప్పారు. ఈసారి చెప్పులు ఎండు చేపల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. తడి జాడే లేదు.

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమేసింది. లాయరు బుద్ధి ఎక్కడికి పోతుంది? లేచి అడిగాను: మీరు పట్టుకున్నప్పుడు పొడిగా ఉన్నాయి, మొన్న తడిగా ఉన్నాయి, ఇవాళ మళ్ళీ పొడిగా ఉన్నాయి, ఇవి అవే చెప్పులని ప్రమాణం చేసి చెప్పగలరా? ఆయన వాటి వైపు చాలాసేపు చూసి, "చెప్పలేనండి" అన్నాడు. సందేహం ఉంది కాబట్టి సత్తిబాబుని వదిలేశారు. పై కోర్టుకి ఎవరూ వెళ్ళలేదు.

కొన్నాళ్ళకి సత్యవతమ్మ మా ఆఫీసుకి వచ్చింది. కొడుకు చెప్పులు కోర్టు నుంచి ఇప్పించమంది. అవతలివాళ్ళ లాయర్ని నన్నే అడుగుతావేంటమ్మా అంటే, "నాకు తెలిసిన లాయరు గారు మీరొక్కరే కదండీ" అంది. సిగ్గేసింది. పిటిషన్ నేనే వేశాను.

చెప్పులు చేతికొచ్చాక, ఓ మధ్యాహ్నం ఆ మాట చెప్పి వెళ్దామని మళ్ళీ వచ్చింది. సంచిలోంచి తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇంటికి తెచ్చినప్పట్నించీ పొడిగానే ఉంటన్నాయి బాబూ. నూనె రాసి గుమ్మం పక్కన పెట్టుకుంటన్నాను. మరి ఆ రోజు కోర్టులో ఎందుకలా తడిసినాయంటారు?"

తెలియదమ్మా అన్నాను. అబద్ధం కాదు. ఒక చెప్పు తాకి చూశాను. పొడిగా, నూనె జిడ్డుతో ఉంది.

చెయ్యి ఇంకా తియ్యలేదు. వేళ్ళ కింద చల్లగా తగిలింది. తోలు నల్లబడుతోంది. అంచు నుంచి ఒక చుక్క బల్ల మీద పడింది, వెనకే ఇంకోటి. కిటికీ బయట ఎండ కాస్తోంది. మళ్ళీ అదే బురద వాసన.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తీర్పు కాపీ కోసం వస్తానని సత్తిబాబు పొద్దున్నే ఫోన్ చేశాడు. ఆ సంగతే మర్చిపోయాను. మడత కాజాల పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఆవిడని చూసి ఆగిపోయాడు.

సత్యవతమ్మ అతని వైపు చూసింది. బల్ల మీద చెప్పుల వైపు చూసింది. మళ్ళీ అతని వైపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కో చెప్పూ కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

"పద నాన్నా, ఇంటికెళ్ళిపోదాం" అంది. ఆ మాట సంచితో అంది.

సత్తిబాబు గోడకి ఆనుకుని దారిచ్చాడు. ఆవిడ మెట్లు దిగాక నాతో ఏదో చెప్పబోయాడు. వద్దన్నాను. కాపీ చేతికిచ్చి పంపేశాను. కాజాల పెట్టె కూడా తీసుకుపొమ్మన్నాను.

తోలు తేమ పీలుస్తుందనీ, ఉప్పునీటి గుణమనీ తెలిసినవాళ్ళు ఏవేవో కారణాలు చెప్పారు. ఒక్కటీ నాకు అతకలేదు. బల్ల మీద ఆ నీటి మరక ఎంత తుడిచినా పోలేదు. కళ్ళారా చూశావా అని ఎవరైనా నన్ను అడిగితే, చూశానని ప్రమాణం చేసి చెబుతాను. అదెలా జరిగిందంటే మాత్రం, ఆ పోలీసు అధికారి అన్న మాటే నాదీను. చెప్పలేనండి.