నూరు చూపించే థర్మామీటరు

పొటోసీలో నీళ్లు ఎనభై ఏడు డిగ్రీలకే మరుగుతాయి. అంత ఎత్తు మీద, గాలి పలచగా ఉండే ఊరది. బంగాళాదుంపలు ఉడికించడానికి అక్కడి ఆడవాళ్లు పడే పాట్లు ఆ దేవుడికే తెలియాలి. అయినా ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాల రిపోర్టులన్నిటిలోనూ నీళ్లు నూరుకే మరిగేవి. ఛీ, ఏం చదువులో!

ఆ ప్రయోగశాలలో పాఠం చెబుతూనే నీవెస్ కోల్కే మేడమ్ జుట్టు నెరిసింది. ఎనభై ఏడు చూపించే నికార్సైన థర్మామీటర్లన్నీ "పాడైపోయాయి" అంటూ చెత్తబుట్ట పాలయ్యేవి. పదమూడు డిగ్రీలు అబద్ధమాడేది ఒక్కటి మాత్రం అద్దాల బీరువాలో పెళ్లికూతురిలా కూర్చుంది. పరీక్షనాడు పిల్లలు దానికోసం కొట్టుకు చచ్చేవారు.

విభాగం పెద్ద ఫౌస్టో అరాన్సిబియాకు సంగతి తెలియక కాదు. "పుస్తకంలో నూరని ఉంది కదమ్మా! తనిఖీకొచ్చిన వాళ్ల దగ్గర కొండలూ, గాలీ అంటూ పురాణం విప్పమంటావా?" అనేవాడు కోకా ఆకుల టీ జుర్రుకుంటూ.

ఆ సంవత్సరం సుల్మా టికోనా అనే పిల్ల, చూసింది చూసినట్టు ఎనభై ఏడని రాసింది. ఫౌస్టో సున్నా చుట్టాడు. పిల్లకు ఏడాది పోయేలా ఉంది. నీవెస్ అతని గుమ్మం అరిగేలా తిరిగి, పోట్లాడి, అధ్యాపకులందరి ముందూ ఆ పిల్ల చేత మళ్లీ ప్రయోగం చేయించడానికి ఒప్పించింది.

"భయపడకు తల్లీ. పాదరసం ఎక్కడ ఆగితే అదే చెప్పు. మిగతాది నేను చూసుకుంటా" అని సుల్మాకు ధైర్యం చెప్పింది.

సుల్మా నీళ్లు మరిగించింది. నీవెస్ అందించిన నికార్సైన థర్మామీటరు పక్కన పెట్టేసి, "సార్, బీరువాలోది ఇప్పించండి" అంది. దాన్ని ముంచి చూసి, "నూరు సార్. మొన్న నాకిచ్చింది పాడైంది" అని చెప్పింది.

"భేష్!" ఫౌస్టో బల్ల చరిచాడు. "వచ్చే టర్ము నుంచి జూనియర్లకి ఈ ప్రయోగం నువ్వే నేర్పు."

నీవెస్ ఆ పిల్లను వరండాలో నిలేసింది. "సిగ్గు లేదుటే? నీకోసం ఆ మనిషి కాళ్లావేళ్లా పడ్డానే!"

"మా అమ్మ పొయ్యి ముందు పెరిగినదాన్ని మేడమ్, నీళ్లు ఎంతకి మరుగుతాయో నాకు తెలీదా?" సుల్మా తల దించలేదు. "ఇన్నేళ్లూ రిపోర్టుల్లోని ఆ నూర్లన్నిటి కిందా సంతకం పెట్టింది మీరేగా. ఆ సార్ కాదు."