నీళ్ళలోంచి వచ్చిన కుర్రాడు ఏమన్నాడు

మా నాన్నకి ఇంగ్లీషు రాదు. అయినా ఎనభైల మధ్యలో కొన్నాళ్ళపాటు ఆయన ఇంగ్లీషు దెయ్యాల సినిమాలకి తెలుగు చెప్పేవాడు. హిందీ మాట్లాడే ఓ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సిద్ధగోరాలో మా కంపెనీ క్వార్టర్ ముందుగదిలో, అద్దెకి తెచ్చిన కలర్ టీవీ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. చాపల మీద కిక్కిరిసిన చుట్టుపక్కల తెలుగువాళ్ళకి, తెరమీది మనిషి నోరు తెరిచినప్పుడల్లా ఓ మాట అందించేవాడు. ఆ మాటకీ తెరమీది మాటకీ ఏ సంబంధమూ ఉండేది కాదు. అది తెలిసింది ఆ గదిలో నాకొక్కదానికే. నేను కాన్వెంట్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆయన కంపెనీలో క్రేన్ నడిపేవాడు. ఆఫ్ పడిన రోజు పొద్దున్నే సాక్చి వెళ్ళి వీడియో షాపులో టీవీ, వీసీఆర్ రిక్షాకి ఎక్కించి, వీసీఆర్‌కి మా ఇంటి దుప్పటి చుట్టి, పక్కన సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు. కొత్త హిందీ క్యాసెట్లు ఎప్పుడడిగినా ఎవరో పట్టుకుపోయి ఉండేవి. తెలుగువి విశాఖపట్నం నుంచి రైల్లో ఎవరైనా తెస్తేనే ఉన్నట్టు, వాటిని అప్పటికే అందరం డైలాగులు అప్పజెప్పేంతగా చూసేశాం. మిగిలేవి షాపులో కింది అరలో ఉండే క్యాసెట్లు. అట్ట మీద బొమ్మ ఉండదు, బాల్ పెన్నుతో గీకిన పేరు ఉంటుంది. కాపీకి కాపీ తీసినవి కాబట్టి మొహాలు ఆకుపచ్చగా ఉండేవి, నెత్తురు నల్లగా కనిపించేది. తెర అడుగున తెల్లటి గీత ఒకటి ఎప్పుడూ వణుకుతూ ఉండేది. అవి వాళ్ళ దేశాల్లో కూడా హాలు మొహం చూడని సినిమాలనీ, క్యాసెట్ల మీదే బతికేవనీ నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. అవి సాక్చి దాకా ఎలా వచ్చాయో ఇప్పటికీ తెలీదు.

"దెయ్యానికి బాసేటి? బయపడ్డానికి ఇంగ్లీసు రావాలేటి?" అనేవాడు నాన్న.

ఆయన చిన్నప్పుడు వాళ్ళ మేనమామ తోలుబొమ్మలాడించే మేళంలో ఉండేవాడట. తెర వెనక కూర్చుని ఆ మేనమామ ఒక్కడే పదిమందికి గొంతు పెట్టేవాడట. ఆ రక్తమే కాబోలు. అడవిలో గొడ్డలి పట్టుకుని కుర్రాళ్ళని వెంటాడే ముసుగువాడొకడు వచ్చాడనుకోండి, నాన్న వాడికి అప్పటికప్పుడు ఓ గతం కట్టేసేవాడు. "ఈడు కాంట్రాక్టు కూలీ. పని సేయించుకుని గేటు బయటికి గెంటేసేరు. ఆల్లందరూ సూపర్‌వైజర్ గారి పిల్లలు." ఇక ఒక్కో తల తెగుతుంటే గదిలో సగంమంది తృప్తిగా తలలాడించేవారు. మంచం మీద గింజుకునే తెల్లపిల్లని చూపించి "ముసిల్దానికి సద్దికూడు కూడా పెట్టకుండా సంపేసేరు, అదొచ్చి మనవరాలికి పట్టింది" అనేవాడు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవారు. ముద్దుల సీను వస్తే లేచి, టీవీకి అడ్డంగా నిలబడి, అది అయిపోయేదాకా చెంబెత్తి నీళ్ళు తాగేవాడు.

ఇదంతా ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు. ఎందుకంటే కథ చిక్కుపడినప్పుడల్లా ఆయన అందరూ వినేలా నావైపు తిరిగి "అంతేనామ్మా?" అనేవాడు. కాన్వెంట్ కూతురు ఉందని చూపించుకోవడం ఆయన సరదా. అందరూ నావైపు తిరిగేవారు. నేను తల వంచుకుని ఊపేదాన్ని. ఆయన ఏటి అంటే నాకు ఒళ్ళు మండేది, ఆడు ఈడు అంటే మండేది. ఇంట్లో తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబిచ్చేదాన్ని. ఆ భాష నా నోట్లోంచి పొరపాటున వచ్చినా ఎవరో విన్నట్టు చుట్టూ చూసుకునేదాన్ని.

మా వెనక వరసలో ఉండే అత్త కూడా వచ్చేది. చుట్టం కాదు, నాన్నని అన్నయ్యా అని పిలుస్తుంది కాబట్టి నాకు అత్త. అంతకు ముందు ఎండాకాలం ఆవిడ కొడుకు సువర్ణరేఖ నదిలో మునిగిపోయాడు. పన్నెండేళ్ళవాడు. ఆ పొద్దున కిరోసిన్ లైన్లో నిలబడమని పంపితే వాడు డబ్బా అక్కడే వదిలేసి ఆటకి పోయాడు. ఇంటికొచ్చాక అత్త తిట్టింది. "నా కళ్ళ ముందుండకు, పో" అంది. పోయాడు. భుయాడీ వైపు ఒడ్డున చెప్పులు దొరికాయి. పక్కపక్కనే, సర్ది పెట్టినట్టున్నాయి. ఆ చెప్పుల మూలాన తల్లి తిట్టిందని దిగాడేమోనన్న మాట మా క్వార్టర్ల లైన్లన్నీ తిరిగింది. ఆవిడ చెవిన పడకుండా ఉంటుందా? ఆ తర్వాత ఆవిడ మా ఇంటికి వచ్చినా మరమరాలు గాని, టీ గాని ముట్టేది కాదు. గోడకి ఆనుకుని కూర్చునేది, సినిమా చూసేది, వెళ్ళిపోయేది.

వాడు పోయిన ఏడాదికి, వేసవి సెలవుల్లో ఒకరోజు మా సినిమా మొదలయ్యాక బిష్టుపూర్ నుంచి నా స్నేహితురాలు ఊడిపడింది. పుస్తకమేదో తిరిగి ఇవ్వడానికి వాళ్ళ నాన్న స్కూటర్ మీద దింపి వెళ్ళాడు. చాప మీద అంతమందిని, దుప్పట్లు కట్టిన కిటికీలని చూసి దానికి భలే ముచ్చటేసింది. నా పక్కనే సర్దుకుని కూర్చుంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

కింది అరలోంచి తెచ్చిన ఆ క్యాసెట్‌లో ఏముందో నాన్నకి తెలీదు. సగం దాకా మామూలుగానే నడిచింది. పెద్ద ఇల్లు, చెరువు, ఏడుస్తూ తిరిగే ఒక తల్లి. ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఓ కుర్రాడు, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, కళ్ళు తెల్లగా. చెరువులో పోయిన కొడుకు.

అందరూ అత్తవైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడుతున్నారు. అమ్మ నాన్నకి కళ్ళతో ఆపెయ్యమని సైగ చేసింది. తెరమీద కుర్రాడు మాట్లాడటం మొదలుపెట్టాడు, చాలాసేపు మాట్లాడాడు. వాడన్నది నాకు బాగా అర్థమైంది. నువ్వే నన్ను నీళ్ళలోకి పంపావు, అక్కడ చీకటి, ఇప్పుడు నీ వంతు, అంటున్నాడు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఆడేటంతన్నాడంటే... అమ్మా, నాకు సలీ నేదు, నొప్పీ నేదు. నువ్వు అన్నం తిను, అంతన్నాడు."

కాసేపటికి ఆ కుర్రాడు తల్లి గొంతు పట్టుకున్నాడు. "ఇప్పుడొచ్చినోడు ఆడు కాదు. ఆడి ఏసం కట్టుకుని దెయ్యమొచ్చింది. అసలోడు మాట సెప్పేసి ఎలిపోయేడు" అన్నాడు నాన్న. స్నేహితురాలు నా మోచేతిని పొడిచి హిందీలో అడిగింది, మీ నాన్న ఏమంటున్నాడే అని. ఏమీ లేదు, ఊరికే అన్నాను. నా చెవులు కాలిపోతున్నాయి. నాన్న నావైపు తిరిగాడు. "అంతేనామ్మా?" అన్నాడు. గొంతు ఎప్పటిలా లేదు. నేను తలూపాను. స్నేహితురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అది నవ్వింది కాపీలో రంగు పాడైన ఆకుపచ్చ మొహాలని చూసే కావచ్చు. నేను మాత్రం మమ్మల్ని చూసే అనుకున్నాను. నాన్న మీద నాకు ఆ క్షణంలో పుట్టినంత కోపం ఇంకెప్పుడూ పుట్టలేదు.

ఆఫ్ ముగిసి, ఆ రాత్రి నాన్నకి సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ. పొద్దున్నే వచ్చి, గంజి తాగి, లోపలి గదిలో పడుకున్నాడు. మధ్యాహ్నం లేచాక టీవీ, వీసీఆర్ తిరిగి ఇచ్చెయ్యాలి. సి షిఫ్టు మనిషి పడుకున్న ఇంట్లో గిన్నె కూడా చప్పుడు చెయ్యకూడదు. అమ్మ కొళాయి దగ్గరికి నీళ్ళకి వెళ్ళింది. నేను గుమ్మంలో కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాను. అత్త వచ్చింది.

"ఆ కేసెట్టు ఉందా, ఇచ్చేసేరా?"

"హై" అన్నాను హిందీలో, ఉందని.

"ఒకపాలి ఎయ్యమ్మా. ఆ కుర్రోడొచ్చిన కాడికి."

నాన్న లేచాక వెయ్యమని చెబుతానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆయన్ని లేపకు. నువ్వయితే సదువుకున్నదానివి, సరిగ్గా సెప్తావు. ఆడు అంతసేపు మాటాడేడా, మీ నాన్న రెండు ముక్కలే సెప్పేడు. ఆయన తొందరలో వదిలేసుంటాడు. మిగతాదేటో నువ్వు సెప్పు."

కిటికీకి దుప్పటి దింపాను. నాన్న లేవకుండా టీవీ గొంతు పూర్తిగా నొక్కేశాను. క్యాసెట్ వెనక్కి తిప్పి, గుమ్మం తెరుచుకునే చోట ఆపాను. అత్త నిన్నటిలా గోడ దగ్గర కూర్చోలేదు. తెరకి బాగా దగ్గరగా వచ్చి కూర్చుంది. నాకు వేరే చోటు కనబడక నాన్న స్టూలు మీదే కూర్చున్నాను.

కుర్రాడు వచ్చాడు. నోరు కదులుతోంది, మాట లేదు. నిజం చెప్పవచ్చు నేను. ఇది ఉత్త సినిమా అత్తా, వాడు అంటున్నది మా నాన్న చెప్పినట్టు కాదు అని హిందీలో రెండు ముక్కలు అనేసి లేచిపోవచ్చు. ఆవిడ నా నోటివంక చూస్తోంది.

"సలి నేదంతన్నాడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. స్కూలు తెలుగు కాదు, రేడియో తెలుగు కాదు, నాన్న తెలుగే వచ్చింది. "నొప్పి నేదంట. నువ్వు అన్నం తినమంతన్నాడు."

"అది మీ నాన్న సెప్పేడు. తరవాత?"

నోరు ఇంకా కదులుతోంది. తెర అడుగున తెల్లగీత వణుకుతోంది.

"నీల్లలోకి ఎందుకు దిగేడో సెప్తన్నాడా?" అంది అత్త. ఆ మాట అడుగుతున్నప్పుడు చాప అంచుని పట్టుకుంది. "అమ్మ పొమ్మందని దిగేడా?"

ఆవిడ ఏడాదిగా ఎవర్నీ అడగలేనిది నన్ను అడిగింది. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి అడిగింది.

"కాదంతన్నాడు" అన్నాను. "ఎండగా ఉండీదంట. ఆడుకుని ఆడుకుని ఒల్లంతా సెమటంట. కాసేపు సల్లగా ఉంటాదని దిగేనంతన్నాడు. సెప్పులు తడిసిపోతాయని ఒడ్డున ఇప్పేడంట. అయి తడిస్తే అమ్మ కేకలేత్తాది, మల్లీ ఏసుకుని ఇంటికెల్లాల కదా అంతన్నాడు."

అంత పెద్ద మాట ఎలా వచ్చిందో తెలీదు. చెప్పులు తడవకుండా అన్నది ముందే అనుకున్నది కాదు. కుర్రాడు తల్లి గొంతు పట్టుకోకముందే నేను క్యాసెట్ ఆపేశాను.

"కొత్త సెప్పులే అయి" అంది అత్త. "నానే జాగరత్తని సెప్పేను."

మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాను. ఇంట్లో ఏముందని అడిగింది. పొద్దుటి మరమరాలు, ఉల్లిపాయ కలిపినవి, గిన్నెలో మిగిలి ఉన్నాయి. గుమ్మంలో కూర్చుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని అన్నీ తింది. వెళ్ళేముందు నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

"మీ నాన్నతో సెప్పకు. ఆయన సరిగ్గా సెప్పనేదని బాదపడతాడు."

నాకు ఏడుపొచ్చింది. నేను అన్న మాటల్లో ఒక్కటీ నిజం కాదు. ఆయన అన్నవి అబద్ధాలనే కదా నేను అన్నాళ్ళూ ఆయన పక్కన కూర్చోవడానికి సిగ్గుపడింది. నాది ఆయన దానికన్నా పెద్ద అబద్ధం, పైగా చదువుకున్నదాన్నని నా అబద్ధాన్నే ఆవిడ అసలు మాటగా పట్టుకుపోయింది. అంతకన్నా సిగ్గు, ఆ మాటలకి నాకు భాష ఎక్కడిదంటే ఆయనదే. ఎవరైనా వింటారేమోనని నేను దాచుకుని తిరిగిన భాష.

మధ్యాహ్నం నాన్న లేచాడు. నిద్రపోయిన మనిషి మొహం కాదది, మా మాటలు విన్నాడేమో. వీసీఆర్ వైర్లు తీసి చుట్టచుట్టి, దుప్పటి పరిచి, దాన్ని మధ్యలో పెట్టాడు. నేను ఒక కొస పట్టుకున్నాను. ఆయన రెండో కొస ముడివేస్తూ, నావైపు చూడకుండా, గదిలో ఇంకెవరూ లేకపోయినా మెల్లగా అడిగాడు.

"ఆ కుర్రోడు ఇంగ్లీసులో నిజంగా అంతే అన్నాడామ్మా?"

అన్నాళ్ళూ అందరి ముందూ అడిగినది వేరు. ఇది ఆయన తెలుసుకుందామనే అడిగాడు. తన మాట కూడా ఎక్కడో నిజమై ఉంటుందేమోనని ఆయనకి ఆశ ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"అంతే నాన్నా" అన్నాను తెలుగులో. తల మాత్రం ఎత్తలేకపోయాను.