ఇద్దరికి బిగించిన స్ప్రింగు

కళ్ళజోళ్ళాయన రోజంతా చేసే పని ఒకటే. ఎదుటివాడి కంటికి అద్దం పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని విసుగు లేకుండా అడగడం. అలాంటి మనిషి ఆ ఉదయం మెకానిక్ షెడ్డులో స్టూలు మీద కూర్చుని, ఎదురుగా పెట్టిన మూడు జతల షాకబ్జార్బర్లకేసి గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఏదీ నచ్చలేదు, ఏదీ నచ్చకుండానూ లేదు. భార్య పోయినప్పటినుంచీ ఆయనకు అన్నీ అలాగే ఉన్నాయి.

ఆమె చలికాలంలో పోయింది. ఆయన కంట తడి పెట్టలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, కొద్ది రోజులకే షాపు తెరిచాడు. "మనిషా, బండరాయా?" అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఆయనకూ అదే అనుమానం. ఏడుపు రావడం లేదని బాధపడదామంటే, ఆ బాధ కూడా రావడం లేదు.

అప్పటినుంచే పాత మోటారుసైకిలు కూడా పేచీ మొదలెట్టింది. తండ్రి కాలం నాటి బండి, ఇంజను ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. కానీ చిన్న గుంట తగిలితే చాలు, ఎగిరి నడుం మీద తన్నుతోంది. చెల్లెలు పోరగా పోరగా ఇవాళ వచ్చాడు. "అన్నయ్యా, వదిన ఎలాగూ లేదు. నువ్వు కూడా మంచాన పడితే చేసేదెవరు?" అంది ఆవిడ. మొహమాటం అంటే ఏమిటో ఆవిడ ఎరగదు.

మెకానిక్ ఈ మధ్యే షెడ్డు తీసుకున్న కొత్త మనిషి.

"ఏ జత బిగించమంటారు సార్?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమేంటి సార్, నడుం మీది కదా!" అంటూ అతను బండి వెనక భాగాన్ని నొక్కి చూసి, కిందికి వంగి, నవ్వాడు.

"బండికున్న పాతవాటికి ఏ రోగమూ లేదు సార్. స్ప్రింగు కింద ఈ రింగు చూడండి, చివరిదాకా బిగించేసుంది. ఇద్దరు తిరిగే బండికి ఇలా పెడతారు. మీరొక్కరే తిరుగుతున్నట్టున్నారు, బరువు చాలక ఎగరేస్తోంది. కొత్తవి దండగ. నిమిషంలో వదులు చేసేస్తా. మేడమ్ గారు ఎక్కేటప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చు."

ఆ రింగు బిగించింది ఆయనే. షాపులో బిల్లులు రాసేది భార్యే కాబట్టి, రోజూ ఇద్దరూ కలిసే వచ్చేవారు, కలిసే వెళ్ళేవారు. ఆవిడ కాస్త బొద్దు మనిషి. ఎక్కినప్పుడల్లా బండి కుంగి, మడ్‌గార్డు టైరుకు రాసుకునేది. "నేనెక్కితే మీ బండి మూలుగుతోంది, మీరే నేర్పారా దీనికి?" అని దెప్పేది. ఒక సెలవురోజు ఆయన ఇంటి ముందు కూర్చుని, చేతులు బొబ్బలెక్కేలా ఆ రింగు తిప్పాడు. ఆవిడ ఎక్కి చూసి, "ఇప్పుడు దీనికి బుద్ధొచ్చింది" అంది.

మెకానిక్ స్పానరు తీసి రింగుకు తగిలించాడు.

"ఆగు!"

ఆ కేక తనదేనని కళ్ళజోళ్ళాయనకు ఒక క్షణం ఆగి గానీ తెలియలేదు. మెకానిక్ బిత్తరపోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కొత్తవే బిగించు. ఆ చివరి జత. ఒక్కడికి సరిపోయేలా పెట్టు."

"మరి ఇవి?"

"వాటి రింగు ముట్టుకోకు. ఉన్నవి ఉన్నట్టే కాగితంలో చుట్టి ఇయ్యి. ఆవిడ బరువుకి పెట్టినవి అవి."

"మరి మేడమ్ గారు..."

"పోయింది," అన్నాడాయన. "నా భార్య పోయింది."

ఆ మాట సొంత నోటితో అనడం ఆయనకు అదే మొదలు. ముక్కూమొహం తెలియని ఆ మనిషి ముందు, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.