నుదుటి మీద ఊదారంగు అంకెలు

మొన్న ఓటు వేసి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటే, గోటి మీది ఊదారంగు సిరా సబ్బుకి లొంగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఆ వాసనకి కాదు గానీ, ఆ రంగుకి నా కళ్లు చెమర్చాయి. కింది పెదవి మీద సరిగ్గా అదే రంగు మరకతో తిరిగిన మనిషి దగ్గర నేను నర్సు పని నేర్చుకున్నాను.

ఆవిడ సలోమి గారు. పాలకొల్లు అవతల ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో మా మేట్రన్. మా వైపు నుంచి సైన్యంలో నర్సుగా చేరిన మొదటి ఆడపిల్ల ఆవిడేనని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. యుద్ధంలో సరిహద్దు దగ్గర గుడారాల ఆసుపత్రిలో పనిచేసి, కెప్టెన్ అయి తిరిగొచ్చారు. లూథరన్ బడి మాస్టారి కూతురు యుద్ధానికి వెళ్లడమంటే ఊరికి వింతే కదా. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు "తుపాకీ ఏదమ్మా?" అని అడిగారట. ఆవిడ సంచిలోంచి కత్తెర తీసి, "నాకు ఇదే ఇచ్చారండి" అన్నారట. ఆవిడ నడిచొస్తుంటే వరండాలో కాళ్లు చాపుకున్న మగాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవారు.

ఆవిడ జేబులో ఎప్పుడూ ఒక పొట్టి పెన్సిలు ఉండేది. నాలుకతో తడిపితే ఊదారంగులో రాసే రకం. రక్తం ఆపడానికి చేతికో కాలికో రబ్బరు ట్యూబు బిగిస్తే, బిగించిన టైము దాంతో రోగి నుదుటి మీదే రాయాలి. ఎక్కువసేపు ఉంచితే ఆ చెయ్యి, ఆ కాలు ఇక దక్కవు. "కాగితమైతే ఎక్కడో పడిపోద్ది, నుదురు ఎక్కడికి పోద్దమ్మా?" అనేవారు.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. కోతల రోజుల్లో మంగమ్మ అనే కూలీ మనిషిని ట్రాక్టరులో తెచ్చారు. నూర్పిడి మిషన్లో చెయ్యి పడింది. రక్తం ధారగా కారుతోంది. ట్యూబు బిగించాను, సెలైన్ పెట్టాను, రక్తం కోసం మనుషుల్ని పంపాను. డాక్టరు గారు ఆపరేషన్ గదిలోంచి తల బయటపెట్టి, "ట్యూబు ఎప్పుడు కట్టారు? ఇప్పుడే అయితే ముందు ఈ హెర్నియా ఆపరేషన్ చేసేసి చూస్తాను" అన్నారు.

మంగమ్మ నుదురు ఖాళీగా ఉంది. పావుగంట అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరికీ తెలిసేది కాదు. తలెత్తితే ఎదురుగా సలోమి గారు. ఆవిడ నన్ను చూడటం లేదు, ఆ ఖాళీ నుదుటినే చూస్తున్నారు.

"తెలీదండి. రాయలేదు" అన్నాను.

"తెలీదంటే ఏంటమ్మా!" అని ఆయన అరిచిన అరుపు వీధిలోకి వినిపించి ఉంటుంది. మత్తు ఇవ్వబోతున్న హెర్నియా రోగిని బయటికి తెచ్చి మంగమ్మని లోపలికి తీసుకెళ్లారు. చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. ఆ రెండు వేళ్లు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

దుప్పట్ల గదిలో కూర్చుని ఏడుస్తుంటే సలోమి గారు రెండు గ్లాసుల టీతో వచ్చారు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"రాయకపోవడం తప్పే. దానికి శిక్ష ఉంటది" అని పక్కన కూర్చున్నారు. "కానీ అమ్మాయ్, నీ వయసులో నేను తెలీదనే మాట అనలేకపోయాను."

గుడారంలో ఒక రోజు గాయపడినవాళ్లు వరసగా వచ్చిపడుతుంటే, ఒక కుర్రాడి నుదుటి మీద టైము రాయలేదట. సర్జన్ అడిగితే అరగంట అని చెప్పేశారట.

"బాంబులకి భయపడలేదు గానీ, ఆయన నన్ను చేతకానిదనుకుంటారని భయపడ్డాను. ఆయన వేరే అబ్బాయిని ముందు తీసుకున్నారు. ఈ కుర్రాడి కాలు తీసెయ్యాల్సొచ్చింది."

"ఆ అబ్బాయికి తెలుసా అండి?"

"మత్తు దిగాక నేనే చెప్పాను. మొహం అటు తిప్పేసుకున్నాడు. ఆ తరవాత నన్ను కట్టు మార్చనివ్వలేదు." టీ గ్లాసు నా చేతిలో పెట్టారు. "తాగు, చల్లారిపోతంది."

అప్పటిదాకా ఆవిడ యుద్ధానికి వెళ్లొచ్చారని గౌరవించాను. ఆ మంచం పక్కన నిలబడి ఆ మాట చెప్పగలిగారని తెలిశాక, లేచి దణ్ణం పెట్టాలనిపించింది. అంత ధైర్యం నేను మరొకరిలో చూడలేదు.

చివరి రోజుల్లో ఆవిడకి నేనే సేవ చేశాను. ఒక మధ్యాహ్నం ఊపిరి ఆగింది. వచ్చిన కుర్ర డాక్టరు ఫారం తీసి, "ఎన్నింటికి పోయారు మేడం?" అని అడిగాడు.

"తెలీదు బాబూ. చెయ్యి పట్టుకుని ఉన్నాను, గడియారం చూడలేదు."

"మూడున్నర అని వేసేద్దామా?"

"వద్దు. తెలీదనే రాయి."

నా సర్వీసు మొత్తంలో టైము చూడటం మరిచిపోయింది ఆ రెండుసార్లే. రెండోసారి నన్ను మందలించడానికి ఆవిడ లేరు.